ఐదు నెలల లెక్కలయ్యోరు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడులు ఏటా జూన్ 12న తెరుస్తారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చి మధ్యలో మొదలవుతాయి. 2025-26లో మిగిలిపోయిన ఖాళీల్లో పాఠాలు చెప్పడానికి అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లను తీసుకోవచ్చని పాఠశాల విద్యాశాఖ అనుమతించింది మాత్రం డిసెంబరులో. రాష్ట్రం మొత్తానికి పదకొండు వందల పైచిలుకు స్థానాలు, ఐదు నెలల గడువు, స్కూల్ అసిస్టెంట్ (ఉన్నత పాఠశాల సబ్జెక్టు టీచరు) పనికి నెలకు రూ.12,500 గౌరవ వేతనం. పదో తరగతి సిలబస్‌ను డిసెంబరు మొదటి వారానికల్లా ముగించి వంద రోజుల ప్రణాళికతో పునశ్చరణ మొదలుపెట్టాలని హెడ్మాస్టర్లకు చెప్పేదీ ఇదే శాఖ. పాఠం చెప్పడానికి పిలిపించిన మనిషి బడిలో అడుగుపెట్టేనాటికి కాగితం మీద పాఠాలన్నీ అయిపోయి ఉండాలన్నమాట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో లెక్కల పోస్టు ఖాళీ అయితే జరిగేది ఇదే. అక్కడికొచ్చే తాత్కాలిక అయ్యోరి సమర్థతను తప్పుపట్టడం సులువు. అసలు తప్పు ఆ కొలువును తయారుచేసిన పద్ధతిలో ఉంది. ముందే తెలిసిన ఖాళీని అనుకోని ప్రమాదంలా చూడటం వల్లే అది ఐదు నెలల కొలువైంది.

ఏ ఖాళీ అయినా ఎలా వస్తుందో చూడండి. రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 2022 జనవరి నుంచి 62 ఏళ్లు. ఒక లెక్కల టీచరు ఏ నెలాఖరున రిటైరవుతారో ఆయన ఉద్యోగంలో చేరిన రోజునే సర్వీసు రిజిస్టరులో తేలిపోతుంది. వయోపరిమితి పెంచితే తేదీ జరుగుతుందే తప్ప దాగదు. ప్రసూతి సెలవు 180 రోజులు. దాని సంగతి హెడ్మాస్టరుకు కనీసం మూడు నాలుగు నెలల ముందు తెలుస్తుంది. శిశు సంరక్షణ సెలవుకు ముందస్తు అనుమతి కావాలి. బదిలీలు, పదోన్నతులు వేసవిలో శాఖే చేపడుతుంది, జాబితాలు శాఖ దగ్గరే ఉంటాయి. జబ్బు, ప్రమాదం, మరణం మినహా ఉన్నత పాఠశాలలో నెలల తరబడి సాగే ఖాళీ ఏదీ చెప్పకుండా రాదు. డ్రైవరు సెలవు పెట్టాడని ఆర్టీసీ డిపో బస్సును షెడ్డులో ఉంచదు, అందుకోసమే స్పేర్ డ్రైవర్లను పెట్టుకుంటుంది. రైల్వే తన సిబ్బంది సంఖ్యను లెక్కకట్టేటప్పుడే సెలవుల కోసం అదనంగా లీవ్ రిజర్వు పోస్టులు కలుపుకుంటుంది. బడి విషయంలో మాత్రం టీచరు వెళ్లిపోయాక ఖాళీని గుర్తించడం, తర్వాత మండల విద్యాధికారి నుంచి జిల్లా విద్యాధికారికి, అక్కడి నుంచి రాజధానికి ఫైలు నడవడం, ఆర్థిక శాఖ అనుమతి, దరఖాస్తులు, మెరిట్ జాబితా. ఇంతలో అర్ధ సంవత్సరం గడిచిపోతుంది.

ఈ ఆలస్యం అన్ని సబ్జెక్టులనూ ఒకే తీరున దెబ్బతీయదు. సాంఘికశాస్త్రంలో ఒక పాఠం తప్పిపోయినా తర్వాతి పాఠం అర్థమవుతుంది. లెక్కల్లో ఆ వెసులుబాటు లేదు. ఒక చిన్న సమస్య తీసుకుందాం: ఒక సంఖ్యను రెట్టింపు చేసి 3 కలిపితే 11 వచ్చింది, ఆ సంఖ్య ఎంత? ‘పక్షాంతరం చేస్తే గుర్తు మారుతుంది’ అని బట్టీపట్టిన పిల్లవాడు 3ను అటువైపుకు పంపి, రెట్టింపు విలువ 8 అని సరిగానే రాస్తాడు. తర్వాత అదే సూత్రాన్ని 2కు కూడా తగిలించి, 8లోంచి 2 తీసేసి జవాబు 6 అంటాడు. తప్పు నోటుపుస్తకంలో ఒక్క గీతలో కనిపిస్తుంది. దాని కారణం రెండేళ్ల వెనక ఉంది. సమీకరణానికి రెండు వైపులా ఒకే పని చేస్తున్నామన్న ఎరుక లేకుండా గుర్తు మారడం ఒక్కటే వాడి తలకెక్కింది. ఆ పిల్లవాడే తొమ్మిదిలో రెండు పదాల మొత్తాన్ని వర్గం చేయమంటే విడివిడిగా వర్గాలు చేసి కలిపేస్తాడు. పదిలో వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టేదాకా వచ్చి, మూలాల గుర్తులు తారుమారు చేస్తాడు. ఎనిమిదో తరగతి నుంచి వాడిని చూస్తున్న టీచరుకు జవాబు 6 అనగానే జబ్బు తెలిసిపోతుంది. డిసెంబరులో వచ్చిన కొత్తాయనకు అది తెలియాలంటే నెల పడుతుంది. ఆ నెల తర్వాత సంక్రాంతి సెలవులు, ఆ వెనకే ప్రీఫైనల్ పరీక్షలు.

ఇందులో ఎవరి కంటా పడని నష్టం తొమ్మిదో తరగతిది. ఇద్దరు లెక్కల టీచర్లున్న బడిలో ఒకరు వెళ్లిపోతే ఏ హెడ్మాస్టరైనా మిగిలిన ఒక్కరిని పదో తరగతికి కేటాయిస్తారు. పై అధికారుల సమీక్షలన్నీ పదో తరగతి ఉత్తీర్ణత మీదే జరుగుతాయి కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. తొమ్మిదో తరగతి లెక్కల పీరియడ్ అప్పుడు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ల చేతికి పోతుంది: ఒకరోజు హిందీ పండిట్, మరోరోజు వ్యాయామ ఉపాధ్యాయుడు, ఇంకోరోజు పక్క తరగతితో కలిపి కూర్చోబెట్టడం. నష్టం ఏడాది తర్వాత గానీ బయటపడదు, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. బోధన ఆగిపోవడం ఆలస్యంగా ఎలా బయటపడుతుందో కొవిడ్ తర్వాతి ఫలితాల్లో చూశాం. 2019లో 94.88 శాతంగా ఉన్న పదో తరగతి ఉత్తీర్ణత, పరీక్షల్లేని రెండేళ్ల తర్వాత 2022లో 67.26 శాతానికి పడింది. ప్రశ్నపత్రాల సంఖ్య, పరీక్షల తీరు కూడా అప్పుడే మారాయి కనుక తేడా మొత్తాన్నీ బడులు మూతపడటం మీద వేయలేం. అయినా ఆ పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో పోగొట్టుకున్నది పదిలో లెక్కకొచ్చిందన్నది కాదనలేని సంగతి. చట్టం కూడా తొమ్మిదో తరగతికి అండగా లేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 26వ సెక్షన్ మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం మించకూడదంటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం, సైన్సు చెప్పేవారు తప్పనిసరిగా ఉండాలని షెడ్యూలు చెబుతుంది. తొమ్మిది, పది తరగతులు ఆ చట్టం పరిధిలోకే రావు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటిలో కష్టం ఒకే రకంగా ఉండదు, కాబట్టి అమరావతి నుంచి వచ్చే ఒకే ఉత్తర్వు మూడింటికీ సరిపోదు. మదనపల్లెలో చదువుకున్నవారికి కొదవ లేదు. 1915 నాటి బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల మొదలు ఇంజనీరింగ్ కాలేజీల దాకా ఉన్న పట్టణమది. గణితంలో పట్టా, బీఈడీ ఉన్నవారు దొరుకుతారు, కానీ జూన్‌లోనే ప్రైవేటు బడులు, కోచింగ్ సెంటర్లు వాళ్లను ఏడాది ఒప్పందంతో తీసేసుకుంటాయి. డిసెంబరులో ఐదు నెలల పని కోసం ఆ ఉద్యోగం వదులుకుని వచ్చేదెవరు? పుంగనూరు నియోజకవర్గంలోని సదుం, సోమల, చౌడేపల్లె మండలాల్లో చిక్కు దూరం దగ్గర వస్తుంది. రైలు లేని ప్రాంతం, బస్సు వేళలు బడి వేళలకు కుదరవు. మోటారు సైకిల్ మీద రోజూ వెళ్లిరావాలంటే గౌరవ వేతనంలో పెట్రోలు వాటా తక్కువేమీ కాదు. కుప్పం సంగతి ఇంకొకటి. ఒకపక్క తమిళనాడులోని కృష్ణగిరి, మరోపక్క కర్ణాటకలోని కోలారు జిల్లా. జిల్లా కేంద్రం చిత్తూరు కన్నా రైలెక్కితే బెంగళూరే దగ్గరనిపించే ఊరు. గుడుపల్లె, రామకుప్పం, శాంతిపురం కుర్రాడు గణితంలో డిగ్రీ పట్టా పుచ్చుకున్నాక బెంగళూరులో చిన్న కంపెనీలో చేరినా రూ.12,500 కన్నా ఎక్కువే వస్తుంది. రెగ్యులర్ టీచర్ల విషయంలోనూ ఈ మూలకు వచ్చినవారు నిలవడం కష్టం. బదిలీల కౌన్సెలింగులో మారుమూల కేటగిరీ ఊళ్లలో చేసిన సర్వీసుకు ఎక్కువ పాయింట్లిస్తారు. ఆ పాయింట్లు పోగుచేసుకుని తిరుపతి, చిత్తూరు వైపు జరిగిపోవడం మానవ సహజం. 1989 నుంచి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడే ప్రాతినిధ్యం వహిస్తున్న నియోజకవర్గానికైనా ఈ భౌగోళిక చిక్కు తప్పదు.

తాత్కాలిక టీచర్ల చరిత్ర మనకు కొత్తది కాదు. 1980లలో నెలకు రూ.398 జీతంతో తీసుకున్న స్పెషల్ టీచర్లు ఆ అంకెనే బిరుదుగా మోశారు. ఆ కాలానికి ఇంక్రిమెంట్లు కలపాలని దశాబ్దాల పాటు కాళ్లరిగేలా తిరిగారు. తర్వాత అప్రెంటిస్ విధానం, ఆపైన విద్యా వాలంటీర్లు. తెలంగాణలో రాష్ట్ర విభజన తర్వాత కూడా విద్యా వాలంటీర్లే అనేక బడులను నడిపారు. 2020లో కొవిడ్‌తో బడులు మూతపడ్డాక వాళ్లను తిరిగి పిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్షా కింద పనిచేసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లకు (సీఆర్పీలకు) క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్లని పేరు మార్చారు. టీచరు సెలవులో ఉన్న బడికి వెళ్లి పాఠం చెప్పాలన్నది ఆ పేరు వెనక ఉద్దేశం. ఆచరణలో యాప్‌లలో వివరాలు నింపడం, కిట్ల పంపిణీ లెక్కలు రాయడం వాళ్ల నెత్తిన పడ్డాయి. పాఠం చెప్పినా అది ఎక్కువగా ప్రాథమిక పాఠశాలల్లోనే. పదో తరగతి త్రికోణమితికి వాళ్లను పంపే ఏర్పాటు లేదు. ప్రతి ప్రభుత్వమూ ఈ కొలువుకు కొత్త పేరు పెట్టింది. కొలువును మాత్రం ఎవరూ మార్చలేదు.

తక్కువ జీతపు ఒప్పంద టీచర్లు రెగ్యులర్ టీచర్లకు ఏమాత్రం తీసిపోరని పరిశోధనలే చెబుతున్నాయి కదా అని కొందరు ఆర్థికవేత్తలు వాదిస్తారు. వాదనలో బలముంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఐదు జిల్లాల్లో చేసిన అధ్యయనం దీనికి ఆధారం. లాటరీ పద్ధతిలో ఎంపికచేసిన వంద గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు ఒక్కో ఒప్పంద టీచరును అదనంగా ఇస్తే, రెండేళ్లలో ఆ బడుల పిల్లలు గణితంలోనూ భాషలోనూ మిగతావాళ్ల కన్నా స్పష్టంగా ముందున్నారు. ఒప్పంద టీచర్ల గైర్హాజరు కూడా రెగ్యులర్ వారి కన్నా తక్కువ. అయితే అక్కడ ఇచ్చింది అదనపు టీచరును. ఉన్న టీచరు వెళ్లిపోతే ఆ స్థానాన్ని ఆరు నెలల తర్వాత భర్తీ చేయడం వేరు. పైగా అవి ప్రాథమిక పాఠశాలలు, కూడికలు తీసివేతల స్థాయి. కెన్యాలో ఇదే తరహా ప్రయోగాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ నడిపినప్పుడు మంచి ఫలితాలొచ్చాయి. అదే పథకాన్ని ప్రభుత్వ యంత్రాంగం నడిపిన బడుల్లో ఫలితం కనిపించలేదు. ప్రభుత్వ పక్షాన జీతాలు ఆలస్యం కావడం పరిశోధకులు ప్రస్తావించిన లోపాల్లో ఒకటి. ఒప్పంద టీచరు పనికిరాడని నేను అనడం లేదు. ఏ షరతుల మీద, ఏ నెలలో, ఏ ఏర్పాట్లతో పంపామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. న్యూయార్క్ బడుల మీద మారీసా హెర్మన్, జోనా రాకాఫ్ 2012లో ప్రచురించిన పరిశోధన ఈ మాటకు నేరుగా బలమిస్తుంది. టీచరు లేని కాలంలో రోజుకు జరిగే నష్టం చిన్న సెలవుల్లో ఎక్కువ, దీర్ఘ సెలవుల్లో తక్కువ అని వాళ్లు కనుగొన్నారు. సెలవు పొడుగైనప్పుడు మంచి ప్రత్యామ్నాయ టీచరును వెతికే ఓపిక అధికారులకు ఉండటం, వచ్చినవారు పనిచేస్తూ తరగతిని అర్థం చేసుకోవడం ఇందుకు కారణాలు కావచ్చన్నారు. వెతకడానికీ అలవాటుపడటానికీ కావలసిన ఆ వ్యవధినే మనం ఫైళ్లకు ధారపోస్తున్నాం.

టీచర్ల నియామకానికి జరిపిన మెగా డీఎస్సీ 2025తో సమస్య తీరిపోయిందన్నది మరో మాట. 2018 తర్వాత ఏడేళ్లకు 16,347 పోస్టులకు ప్రకటన ఇచ్చి, అదే ఏడాది నియామక పత్రాలు అందించడం మెచ్చుకోదగ్గ పనే. కానీ డీఎస్సీ అప్పటికి ఉన్న ఖాళీలను నింపుతుంది, రేపు వచ్చే సెలవులను కాదు. కొత్తగా చేరినవారిలో యువతులు చాలామంది ఉంటారు. రాబోయే ఐదారేళ్లలో ప్రసూతి సెలవులు పెరగడం ఖాయం, పెరగాలి కూడా, అది వాళ్ల హక్కు. ఆ హక్కును వాడుకున్న టీచరమ్మను తల్లిదండ్రుల సమావేశంలో దోషిలా నిలబెట్టే పరిస్థితి రాకూడదంటే ఆమె స్థానంలో ఎవరుంటారో శాఖ ముందే తేల్చి పెట్టాలి. పక్క బడి టీచరును పని సర్దుబాటు కింద పంపితే చాలదా అంటే, మిగులు టీచర్లున్న చోట చాలుతుంది. సదుంలోనో గుడుపల్లెలోనో పక్క బడిలో కూడా ఒక్క లెక్కల టీచరే ఉంటే సర్దుబాటు చేసేది ఖాళీని మాత్రమే. ఇక స్మార్ట్ ప్యానళ్లు, ట్యాబ్‌లు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు పంచారు. వీడియో చూసి నేర్చుకోగలిగిన పిల్లవాడికి అవి మేలు చేస్తాయి. 8లోంచి 2 తీసేసినవాడిని ‘ఎందుకు తీసేశావు?’ అని అడిగే పని తెర చేయలేదు.

డబ్బు మాటకొస్తే, ఇక్కడ చాలామంది అనుకునేదానికి లెక్క తలకిందులుగా ఉంటుంది. స్కూల్ అసిస్టెంట్ ప్రారంభ మూల వేతనం 2022 వేతన సవరణ ప్రకారం రూ.44,570. కరువు భత్యం, ఇంటి అద్దె వదిలేసినా, రిటైరైన టీచరు స్థానం ఏడాది పాటు ఖాళీగా ఉంటే ఖజానాకు రూ.5,34,840 మిగులుతుంది. అందులో ఇన్‌స్ట్రక్టరుకు ఐదు నెలలకు ఇచ్చేది రూ.62,500. అంటే ఆ ఒక్క ఖాళీ మీద ప్రభుత్వం నాలుగున్నర లక్షలకు పైగా ఆదా చేసుకుంటోంది. ప్రసూతి సెలవులో ఉన్నవారికి జీతం ఇస్తారు కాబట్టి అక్కడ ప్రత్యామ్నాయ టీచరుకు అయ్యేది అదనపు ఖర్చే. ఖాళీల మీద మిగిలిన సొమ్ములో కొంత ఇటు మళ్లిస్తే ఆ భారం కొత్తది కాదు. న్యాయం కూడా ఇటే మొగ్గుతుంది. పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో, రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేసే తాత్కాలిక ఉద్యోగికి ఆ స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని చెప్పింది. రూ.44,570 పనికి అందులో మూడో వంతు కూడా ఇవ్వకుండా, దానికి గౌరవమని పేరు పెట్టడం ఎబ్బెట్టుగా ఉంది. మంచి జీతమిస్తే రేపు పర్మనెంటు చేయమంటారన్న భయం అధికారులకుంది. సుప్రీంకోర్టు 2006 నాటి ఉమాదేవి తీర్పు ఆ దొడ్డిదారిని చాలావరకు మూసేసింది. పైగా రిజర్వు పోస్టులు డీఎస్సీ ద్వారానే నింపితే ఆ ప్రశ్నే తలెత్తదు.

చేయాల్సింది ఇదీ. ప్రతి డివిజన్‌లో మంజూరైన గణిత స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు అదనంగా కొన్ని లీవ్ రిజర్వు పోస్టులు ఉండాలి. నూటికి ఐదు అనుకున్నా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు మొదటి దెబ్బ కాచుకునే బలం వస్తుంది. వీరు ఏ బడికీ సొంతం కాకుండా డివిజన్ మొత్తానికీ చెందుతారు, మారుమూల సర్వీసుకిచ్చే పాయింట్లు వీరికీ ఇవ్వాలి. అప్పటికీ చాలని చోట డీఎస్సీలో అర్హత సాధించి ఉద్యోగం అందని స్థానిక అభ్యర్థుల ప్యానల్ ఒకటి జూన్ నాటికి సిద్ధంగా ఉండాలి. వారిని ఐదు నెలలకు కాకుండా విద్యాసంవత్సరం చివరిదాకా, కనీస స్కేలుతో తీసుకోవాలి. వచ్చినవారు గుడ్డిగా మొదలుపెట్టకుండా ఉండాలంటే తరగతి అప్పగింత అనేది ఒకటి జరగాలి. దానికి నమూనా మదనపల్లె దగ్గరే ఉంది. రిషివ్యాలీ విద్యా వనరుల కేంద్రం చుట్టుపక్కల పల్లె బడుల కోసం రూపొందించిన బహుళ తరగతి బోధనలో ప్రతి పిల్లా ఏ మెట్టు మీద ఉందో చూపించే అభ్యసన నిచ్చెన ఉంటుంది. టీచరు మారినా నిచ్చెన మారదు. అది ప్రాథమిక తరగతుల కోసం చేసిందే, కానీ ఎవరి చదువు ఏ మెట్టు దగ్గర ఆగిందన్న సమాచారం ఎనిమిది, తొమ్మిది తరగతుల బీజగణితానికీ రాసిపెట్టుకోవచ్చు. దానికి ఒక్కో పిల్లకు ఒక్క పేజీ చాలు. ఫార్మేటివ్ పరీక్షల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే శ్రమలో పదో వంతు కూడా పట్టదు. కుప్పం దగ్గర గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది, ప్యానల్‌లో ఉన్నవారికి వేసవిలో పది రోజుల శిక్షణకు అంతకన్నా మంచి చోటు ఆ మూలన దొరకదు.

సంఘాలు కూడా ఒక మాట ఆలోచించాలి. తాత్కాలిక నియామకాలు వద్దు, అన్నీ రెగ్యులర్ పోస్టులే కావాలన్నది ఉపాధ్యాయ సంఘాల పాత డిమాండు, న్యాయమైనదే. రెగ్యులర్ టీచరు సెలవు పెట్టిన ఆరు నెలలు పిల్లలకు ఎవరు చెప్పాలన్న ప్రశ్నకు ఆ డిమాండులో జవాబు లేదు. లీవ్ రిజర్వు పోస్టుల కోసం వాళ్లు పట్టుబడితే ఆ వెలితి తీరుతుంది, సెలవు అడిగినప్పుడు హెడ్మాస్టరు ముఖం చిట్లించే పరిస్థితీ తప్పుతుంది.

వచ్చే జూన్ 12కు ముందు విద్యాశాఖ ఒక్క పని చేసి చూపించాలి. ఈ మూడు ప్రాంతాల్లోని ప్రతి ఉన్నత పాఠశాలలో 2027 ఏప్రిల్ వరకు ఏ లెక్కల టీచరు రిటైరవుతున్నారు, ఎవరు దీర్ఘ సెలవు కోరారు, ఆ తేదీ నుంచి ఆ తరగతులు ఎవరు తీసుకుంటారు అన్న జాబితాను మండలాల వారీగా సిద్ధం చేయాలి. ఎవరి సెలవు ఎందుకో బయటపెట్టకుండా, ఖాళీ తేదీనీ వచ్చేవారి పేరునూ మాత్రం నోటీసు బోర్డులో పెట్టాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త యాప్ అంతకన్నా అక్కర్లేదు. ఆ తేదీలన్నీ ఇప్పటికే సర్వీసు రిజిస్టర్లలో, సెలవు దరఖాస్తుల్లో ఉన్నాయి.